ఆయ్ దగ్గర ఆగకు

ముసురు వదలకపోవడంతో సూర్యకుమారి ఉతికిన చీరలు హాల్లోనే ఆరేసింది. లాప్‌టాప్‌లో వెనకాల అవే కనపడుతున్నాయని భర్త పురుషోత్తం తగువుకి దిగాడు. ఇంటర్వ్యూ అన్నాక వెనక గోడ శుభ్రంగా ఉండాలట.

"వాళ్లు పిల్లని చూస్తారా, నా చీరల అంచులు చూస్తారా?" అంది ఆవిడ. చివరికి చీరలు కదల్లేదు, లాప్‌టాపే అటు తిరిగింది.

పురుషోత్తం అమలాపురంలో బోటనీ లెక్చరర్. విదేశీ గ్రాంట్లకి దరఖాస్తు పెట్టే పిల్లల్ని తయారుచేసే పని కాలేజీలో ఆయనదే. ఈసారి నెదర్లాండ్స్ యూనివర్సిటీ ఒకటి కాలేజీకి ఒక్క పేరే పంపమంది. ఇంగ్లీషు గలగలా మాట్లాడే కృష్ణతేజ ఒకడున్నాడు. అల్లవరం నుంచి వచ్చే స్టెల్లా ఉంది. రొయ్యల చెరువుల ఉప్పు పక్కనున్న కొబ్బరితోటల్ని ఎలా తినేస్తోందో ఎండాకాలమంతా గట్ల వెంట తిరిగి తేల్చిన పిల్ల. పని చూస్తే స్టెల్లాదే. నోరు తెరిస్తేనే చిక్కు.

పేరు పంపడానికి మర్నాడే ఆఖరు. అందుకే స్టెల్లాని హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, తాను పడకగదిలో ఫోను పట్టుకుని వీడియో కాల్లో విదేశీ ప్రొఫెసరు అవతారమెత్తాడు. సూర్యకుమారి వంటింట్లో కంద తరుగుతూ ఒక చెవి ఇటే పడేసింది.

నీళ్ల నమూనాలు నువ్వే తీశావా అని ఆయన ఇంగ్లీషులో అడిగాడు. స్టెల్లా వినయంగా, అవునండీ అన్నట్టు, "ఆయ్" అని ఊరుకుంది. రెట్టించి అడిగితే, "ఆయ్, వీ కలెక్టెడ్ సర్," అంది.

"వీ అంటే ఎవరు? మీ ఊరంతానా? గ్రాంటు ఒక్కరికే ఇస్తారమ్మా."

నాన్న తోడొచ్చేరని, సీసాలు పిన్నిగారు కడిగేరని, నేనూ నేనూ అని చెప్పుకుంటే ఎచ్చులు పోయినట్టుంటుందని స్టెల్లా నసిగింది. పురుషోత్తం హాల్లోకొచ్చి, ముందు ఆ ఆయ్ మానెయ్యమన్నాడు. మానింది. దాంతో మాటే పడిపోయింది. కృష్ణతేజకే కబురు చేద్దామని ఆయన ఫోను తీశాడు. స్టెల్లా సంచి సర్దుకోసాగింది.

సూర్యకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆయ్ మాన్పిస్తారేంటండీ? మనకది ఆయ్, ఆ దొరల చెవికి 'ఐ'. 'నేను' అన్నట్టే కదా! ఆ తర్వాతేం చెబుతుందా అని ఎదురు చూస్తారు." స్టెల్లా వైపు తిరిగింది. "ఆయ్ అనమ్మా. అక్కడ ఆగకు. ఏం చేశావో చెప్పెయ్."

స్టెల్లాకి నవ్వాగలేదు. పురుషోత్తం మళ్లీ గదిలోకి పోయి అదే ప్రశ్న వేశాడు.

"ఆయ్... కలెక్టెడ్ దెమ్."

ఆ పైన ఆయ్ మెజర్డ్, ఆయ్ కంపేర్డ్ అంటూ సాగింది. తన మాట తనకే తమాషాగా తోచి జంకు వదిలిపోయింది. గట్టు వారనున్న చెట్లకే ఆకుల కొసలు ఎందుకు మాడుతున్నాయో, లోపలి వరస ఎందుకు పచ్చగా ఉందో విడమరిచి చెప్పింది. ఇంగ్లీషు అక్కడక్కడ తప్పింది గానీ విషయం తప్పలేదు. గదిలోని విదేశీ ప్రొఫెసరు మాత్రం ఒళ్లు మరిచి "ఆయ్, ఆయ్" అంటూ విన్నాడు.

సూర్యకుమారి స్టెల్లాని భోజనం చెయ్యకుండా కదలనివ్వలేదు. కంద బచ్చలి కూర మారు వడ్డించబోతే పురుషోత్తం కంచానికి చెయ్యి అడ్డం పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"రేపు స్టెల్లా పేరే పంపుతున్నాను. ప్రిన్సిపాల్ గారికి నేను చెప్పుకుంటాను. ఇంటర్వ్యూ దాకా ప్రాక్టీసు రోజూ ఇక్కడే. అడిగేది నేను కాదమ్మా, మీ మేడమ్ గారు."