జెండా మనిషి

కంకరరాళ్ళకి సున్నం పూయించాలన్న ఆలోచన ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందోగానీ, వాణ్ణి తెచ్చి ఆ మే నెల ఎండలో ఒక్క గంట నిలబెట్టాలి. రాయపూర్ అవతల, ధర్సీవా పక్కగా తిల్దా వైపు పోయే రైలు దారి మీద, బంగారయ్య గ్యాంగు మనుషులు పొద్దుట్నించీ నడుములు ఒంచి అదే పని చేస్తున్నారు. పట్టాల పక్కనున్న నల్లరాళ్ళ అంచుకి చీపురుకట్టలతో తెల్లటి గీత కొడుతున్నారు. సున్నం వేళ్ళ సందుల్లోకి దిగి పుళ్ళు పడ్డాయి. తాగే నీళ్ళు రెండు స్టేషన్ల అవతల్నించి గూడ్సు బండి గార్డు దయతలచి దింపితేనే. ఆ రోజు గార్డుకి దయ కలగలేదు.

"రైలు మీద ఎల్లేవోడికి ఈ తెల్ల గీత కనపడతాదేటి మావా?" అని ఒకడు అడిగాడు.

"రైలెక్కేవోడికి కాదురా, రైల్వేని సూడ్డానికి వొచ్చేవోల్లకి," అన్నాడు ఆ గ్యాంగుకి పెద్ద, మేట్ బంగారయ్య.

వచ్చేది ఢిల్లీ నుంచి పార్లమెంటు కమిటీ. దేశమంతా రైళ్ళ మీద పోస్తున్న డబ్బు ఏమవుతోందో, అందులోనూ పట్టాల మీద పనిచేసేవాళ్ళ ప్రాణాల కోసమని ఇచ్చిన డబ్బు ఎటు పోతోందో తమ కళ్ళతో చూడ్డానికి వస్తున్నారు. లైను మీద గ్యాంగు మనుషులు రైళ్ళ కింద పడి ఎందుకు చస్తున్నారని సభలో ఎవరో సభ్యుడు అడిగాడట. ప్రతి గ్యాంగుకీ జెండా మనిషిని ఇచ్చాం, జీతం డబ్బులూ ఇచ్చాం అని జవాబు వచ్చిందట. జవాబు నిజమే. మనిషిని ఇచ్చారు, జీతం కూడా నెలనెలా ఇస్తున్నారు. ఆ మనిషి పట్టాల దగ్గర మాత్రం లేడు.

బంగారయ్య గ్యాంగుకి జెండా మనిషి సూరిబాబు. పని జరుగుతున్నంతసేపూ మలుపు దగ్గర ఎర్రజెండా పట్టుకుని నిలబడి, బండి కనపడగానే కేక వెయ్యడం అతని పని. కిందటేడు దసరా వెళ్ళాక అసిస్టెంటు ఇంజనీరు మల్లేశ్వరరావు గారు అతన్ని రాయపూర్‌లో తన బంగళాకి పిలిపించుకున్నారు. అప్పట్నించీ సూరిబాబు జెండా వదిలి దొరగారి కుక్కగొలుసు పట్టుకున్నాడు. తెలీబంధా బజారు నుంచి కూరగాయలు తేవడం, అమ్మగారి చీరలు ఉతికి ఆరెయ్యడం, మల్లెచెట్లకి నీళ్ళు పొయ్యడం. జీతం గ్యాంగు లెక్కలో, చాకిరీ బంగళా లెక్కలో. ఇదేమంత వింతా కాదు. ఆ సెక్షనులో ఏ అధికారి ఇంట్లో చూసినా పట్టాలు సర్దవలసిన చేతులు పచ్చిమిరపకాయలు తరుగుతూ కనిపిస్తాయి.

ఈ గ్యాంగులో సగానికి పైగా సిక్కోలు వాళ్ళు. తాతలనాడు ఈ లైను వేసినప్పుడు టెక్కలి నుంచి, నరసన్నపేట నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ళతో పాటు ఒక పద్ధతి వచ్చింది. పట్టా జరపాలంటే అందరి గునపాలూ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే ఒత్తాలి. అందుకు ముందు మేట్ గొంతెత్తి, "జెండా ఉందా?" అని అడుగుతాడు. మలుపు దగ్గర్నించి జెండా మనిషి, "ఉందిరా ఉంది!" అని కేకేస్తాడు. అప్పుడే గునపాలు పట్టా కింద దూరతాయి, అప్పుడే పాట మొదలౌతుంది. తర్వాత గ్యాంగులో చేరిన ఛత్తీస్‌గఢీ వాళ్ళు కూడా ఆ కేకని తెలుగులోనే నేర్చుకున్నారు. ఆ జవాబు చెవిన పడందే వాళ్ళ చేతులు లేవవు. ఎద్దుకి ములుకోల అలవాటైనట్టు ఒంటికి అలవాటైపోయింది.

మరి జెండా మనిషి బంగళాకి పోయాక జవాబు చెప్పేదెవరు? మొదటిరోజు బంగారయ్య అడిగితే ఎవరూ పలకలేదు, ఎవరి చేతులూ లేవలేదు. అప్పుడు బంగారయ్య మేనల్లుడు పరదేశి వరసలోంచే నవ్వుతూ, "ఉందిరా ఉంది!" అన్నాడు. అందరూ నవ్వారు, పని సాగింది. రెండోరోజూ అతనే అన్నాడు. పోనుపోను ఎవరూ నవ్వడం కూడా మానేశారు. లేని జెండాని ఉందని చెప్పుకుని పనిచేసుకునే తెలివి ఈ అమాయకపు ముండాకొడుకులకి కాక ఎవరికుంటుంది!

మార్చి నెలలో ఒక ఉదయం పరదేశి అలాగే "ఉందిరా ఉంది!" అన్నాడు. పట్టా సగం జరిగిందో లేదో మలుపు తిరిగి గూడ్సు వచ్చేసింది. అందరూ దూకేశారు. పరదేశి గునపం పట్టా కింద ఇరుక్కుంది. దాన్ని వదిలేస్తే బండి పట్టాలు తప్పుతుందని గ్యాంగులో ప్రతివాడికీ తెలుసు. అతను గునపాన్ని లాగేశాడు. గునపం బయటికి వచ్చింది, అతను రాలేదు.

*

సున్నం పని ముగిసే వేళకి మల్లేశ్వరరావు పట్టాల మీద నడిచే మోటారు ట్రాలీ మీద దిగాడు. చలవచేసిన చొక్కా, నెత్తిన టోపీ, మొహంలో ఎక్కడా లేని ఆప్యాయత. అధికారి మొహంలో ఆప్యాయత కనిపించిందంటే పేదవాడు జేబు తడుముకోవాలి. దాలమ్మని కూడా కబురుపెట్టి రప్పించాడు. పరదేశి పెళ్ళాం ఆవిడ. ఇద్దరు ఆడపిల్లలు.

"మనం మనం తెలుగువాళ్ళం బంగారయ్యా. నీ దగ్గర దాచేదేముంది," అని మొదలుపెట్టాడు. "రేపు కమిటీ వాళ్ళు పరదేశి సంగతి అడుగుతారు. జెండా ఉంది, కేక కూడా వేశారు, వాడే తాగి ఉండి కదల్లేదు. అంతే. ఈ ముక్క నువ్వు చెప్పాలి, దాలమ్మా చెప్పాలి. ఎల్లుండే ఆవిడకి ఆసుపత్రిలో ఆయా ఉద్యోగానికి నేను రాసేస్తాను. క్వార్టరు కూడా ఆవిడ పేరునే ఉంటుంది."

"ఆడు తాగేవోడే బావు. నానేటి దాచను," అన్నాడు బంగారయ్య. "ఆ రోజు మాత్రం తాగనేదు."

"తాగలేదని చెప్పు, నాకేం? ఎంక్వైరీ అంటారు. అది తేలేసరికి ఈవిడ పిల్లలకి పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి. క్వార్టరు మాత్రం ఈ నెలాఖరుకే ఖాళీ చెయ్యాలి. రూలు. ఆలోచించుకోండి."

ఆయన చెప్పింది బెదిరింపు కాదు, రూలు. మెత్తగా గొంతు కొయ్యడానికి రూలుని మించిన కత్తి లేదు. ట్రాలీ వెళ్ళిపోయాక బంగారయ్య సున్నం బకెట్టు కాలితో తన్నాడు. దాలమ్మ ఆ బకెట్టుని లేపి నిలబెట్టింది.

"సెప్పేద్దాం మావయ్యా."

"ఏటి సెప్పేది? ఆడు తాగుబోతని నీ నోటితో నువ్వంతావా?"

"అంతాను. సచ్చినోడికి సిగ్గుండదు. బతికున్న గుంటలకి ఆకలుంతాది. బియ్యం కిలో నాలుగు రూపాయలైపోనాది. నాను ఇల్లు కట్టించే ఠేకేదార్ దగ్గర ఇటికలు మోస్తే పూటకి గింజలు రావు. నౌకరీ కావాల నాకు. ఎవుల్ని తిట్టి తెచ్చుకున్నా నౌకరీ నౌకరీయే."

బంగారయ్యకి ఆవిడ మీద కోపం వచ్చింది. ఆ కోపం ఆవిడ మీద కాదని కూడా తెలిసింది. మేనల్లుడు రోజూ అబద్ధపు కేక వేస్తుంటే మేట్‌గా తను విని ఊరుకున్నాడు. ఇప్పుడు ఇంకో అబద్ధం ఆడితే కొత్తగా పోయేదేముంది? "నీ ఇట్టం," అన్నాడు.

*

మర్నాడు గ్యాంగుని చూస్తే ఎవరికైనా కళ్ళు చెదరాల్సిందే. కొత్త నారింజరంగు చొక్కాలు, కొత్త బూట్లు. బంగళాల్లోంచి వంటవాళ్ళు, తోటమాలులు, పిల్లల్ని బడికి దింపేవాళ్ళు అందరూ తిరిగొచ్చి వరసలో నిలబడ్డారు. కొందరు గునపం పట్టుకుని చాలా కాలమైంది. మలుపు దగ్గర సూరిబాబు ఇస్త్రీ మడత చెదరని ఎర్రజెండాతో నిలబడ్డాడు. అటు పోయేముందు గ్యాంగు వాళ్ళ మధ్యలోంచి నడవాల్సి వచ్చింది. 

"నన్నలా సూస్తారేటి? పొమ్మంటే పోనాను, రమ్మంటే వొచ్చినాను. కాదంటే నా నౌకరీ మీరిస్తారేటి?" అన్నాడు అతనే, ఎవరూ ఏమీ అనకముందే.

కమిటీ వాళ్ళు పెద్దవాళ్ళ కోసమే ఉండే సెలూను రైలుపెట్టెలో వచ్చారు. వెనక వంట పెట్టె. సభ్యుల్లో ఇద్దరు దిగనేలేదు, లోపల చల్లగా ఉందట. దిగినవాళ్ళకి గొడుగులు పట్టారు. ఛైర్మన్ పెద్దాయన, మంచివాడిలాగే ఉన్నాడు. అడగవలసినవన్నీ వరసగా అడిగాడు. పక్కన గుమాస్తా రాసుకుంటున్నాడు. ప్రతి ప్రశ్నకీ మల్లేశ్వరరావు హిందీలో తేనె పూసిన జవాబు చెప్పాడు. దాలమ్మ తెల్లచీర కట్టుకుని, ట్రేలో గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఆ చీర కూడా వాళ్ళిచ్చిందే.

"చనిపోయిన గ్యాంగుమన్ భార్య ఈవిడే సర్," అన్నాడు మల్లేశ్వరరావు. "తప్పు అతనిది. అయినా మేం మానవత్వంతో ఉద్యోగం ఇస్తున్నాం."

"నీ భర్త బాగా తాగేవాడామ్మా?" ఛైర్మన్ జాలిగా హిందీలో అడిగాడు.

"హా సాబ్," అంది దాలమ్మ.

"ఆ రోజు కూడా?"

దాలమ్మ గ్లాసుల వంక చూసింది. "హా సాబ్. ఆ రోజు కూడా," అంది హిందీలోనే. ఒక సభ్యుడు చల్లటి గ్లాసు అందుకుంటూ, ఈ తాగుబోతుల వల్లే రైల్వేకి చెడ్డపేరు అని పక్కవాడితో అన్నాడు. హిందీ రాని మనిషి కాదు దాలమ్మ. విన్నది, దిగమింగింది.

అక్కడితో సెలూను ఎక్కేసి ఉంటే కథ మల్లేశ్వరరావు అనుకున్నట్టే ముగిసేది. కానీ గ్యాంగు పనిచేస్తుంటే ఒకసారి చూస్తామన్నారు. ఫోటో కూడా కావాలన్నారు. పరదేశి పోయాక ఆ గ్యాంగు పట్టా జరపడం అదే మొదలు. బంగారయ్య వరసని సర్ది, గునపాలు నేలకి ఆనించి పట్టుకోమని చెప్పి, గొంతెత్తాడు.

"జెండా ఉందా?"

మలుపు దగ్గర సూరిబాబు నోరు తెరిచాడు. ఆ కేక వేసి ఎన్ని నెలలైందో. అతని చేతిలో జెండా ఉంది, గొంతులో మాట లేదు. గ్యాంగు వాళ్ళ చెవులు తెలియకుండానే వరసలోంచి వచ్చే పరదేశి గొంతు కోసం ఎదురుచూశాయి. అది రాలేదు. గునపాలు కదల్లేదు.

"నేదు!"

కేక గ్లాసులున్న వైపు నుంచి వచ్చింది.

దాలమ్మ ఇంతకు ముందెప్పుడూ ఆ పిలుపు వినలేదు. దాని గురించి ఇంట్లో మొగుడు నవ్వుకుంటూ చెప్పగా వినడమే. ఈ పిలుపుకే తన మనిషి పలికి పోయాడని ఇప్పుడు తెలిసింది. ఉద్యోగం, పిల్లలు, క్వార్టరు ఏవీ ఆ క్షణంలో ఆవిడకి గుర్తులేవు. "నేదు! నేదు!" అని మళ్ళీ అరిచింది.

గ్యాంగు మనుషులు ఏమీ ఆలోచించలేదు. జెండా లేదన్న మాట వినపడగానే గునపాలు పక్కన పడేసి పట్టాల మీంచి దిగిపోయారు. ఒంటికి అలవాటైన పని అది.

"ఉంది! అదుగో కనపడ్డంలేదా?" అని మల్లేశ్వరరావు సూరిబాబు వైపు చెయ్యి చూపించి అరిచాడు. ఛైర్మన్ వైపు తిరిగి, "దుఃఖంతో మతి చెడింది సర్, పాపం," అన్నాడు.

దాలమ్మ ట్రేని కంకర మీద పెట్టింది. "ఆ రోజు ఝండా నహీ థా సాబ్," అంది ఛైర్మన్‌తో. "వీళ్ళ బంగళాలో కుక్కని తిప్పుతున్నాడు సాబ్ ఝండావాలా. నా మనిషి తాగలేదు. నేనే అబద్ధం చెప్పాను, ఉద్యోగం కోసం."

ఛైర్మన్ బంగారయ్య వంక చూశాడు. "ఇది నిజమా?"

బంగారయ్య కోడలి వంక చూశాడు. ఆవిడ మొహంలో ఏముందో అతనికి అంతుబట్టలేదు. ఏడుపో, కోపమో, పోయిన ఉద్యోగం అప్పుడు గుర్తొచ్చిన భయమో. "సెప్పు మావయ్యా," అంది. "నా బతుకు నాను సూసుకుంతాను."

"నిజమే సాబ్," అన్నాడు బంగారయ్య.

గుమాస్తా కలం ఆపి, రాయాలా వద్దా అన్నట్టు ఛైర్మన్ మొహంలోకి చూశాడు. ఛైర్మన్ గడియారం చూసుకున్నాడు. సెలూనులోంచి వంటవాడు తొంగిచూసి భోజనం సిద్ధమని సైగ చేశాడు. మల్లేశ్వరరావు ఆ సందులో బంగారయ్య దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున తెలుగులో, "ముందు పట్టా ఎత్తించు. ఫోటో కానీ. తర్వాత నీ సంగతి చూస్తాను," అన్నాడు.

బంగారయ్య గొంతు తగ్గించలేదు. అందరికీ వినపడేలా హిందీలోనే అన్నాడు.

"జెండా మనిషిని రేపు కూడా ఇక్కడే ఉంచుతానని వీళ్ళ ముందు చెప్పండి సాబ్. అప్పుడెత్తుతాం."

మల్లేశ్వరరావు ఆ మాట ఇవ్వకుండా సెలూను వైపు తిరిగాడు. గునపాలు కంకర మీద పడి ఉన్నాయి. బంగళాల నుంచి వచ్చిన వాళ్ళతో సహా ఒక్కడూ వాటి కోసం వంగలేదు.