పై గడిలో ఉన్నదే

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. రోడ్ల మీద ఎక్కడికక్కడ బైఠాయింపులు. అట్లాంటి రోజుల్లో రక్తం కావాల్సి వస్తే దగ్గర్లోనే మనిషి దొరకాలని విద్యార్థి సంఘం పిల్లలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి దాతల పేర్లు, నెత్తురు గ్రూపులు ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకొచ్చారు. ఆ ఫైలును డేటాబేసులోకి ఎక్కించింది జనగామలో సంఘం గదిలో కూర్చున్న యమున.

పొద్దున సక్రు ఫోన్ చేశాడు. కురవి దగ్గర తండా మనిషి. భార్య సీతాబాయి కాన్పై మహబూబాబాద్ దవాఖానలో ఉంది. నెత్తురు ఆగడం లేదు.

"బి నెగెటివ్ అంటున్రక్కా. ఈడ లేదట. ఎవలన్న ఉన్నరా?"

యమున వెతికింది. ఒక్క కురవిలోనే ముగ్గురు: రాంజీ, జగన్, కొమురెల్లి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ముందు రాంజీకి చేసింది.

"నేను రోడ్డు మీద బైఠాయించిన బిడ్డా. పడుసు పోరగాళ్ళు ఇద్దరున్నరంటివి గద, జగన్‌ను తోలు" అన్నాడాయన.

యమున చెప్పగానే జగన్ బండి తీశాడు. సక్రుకు ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేసిన యమున, తెర మీది మూడు పేర్లనూ మళ్ళీ చూసింది. అంత అరుదైన నెత్తురు ఒకే ఊళ్ళో, ఒకరి కింద ఒకరికి?

అసలు సంగతి అప్పుడు తట్టింది.

పేర్లు రాసే పిల్లలకు ఒక అలవాటు. మొదటి మనిషి దగ్గర ఊరి పేరు రాసి, కింది వాళ్ళకు ఖాళీ వదిలేస్తారు. పైదే అని అందరికీ తెలుసు. అందుకే ఎక్కించేటప్పుడు, గడి ఖాళీగా ఉంటే పై గడిలో ఉన్నదే నింపమని యమున కంప్యూటర్‌కు చెప్పింది. ఊరి గడులకే అని చెప్పడం మరిచింది. అన్ని గడులూ నిండిపోయాయి.

అసలు ఫైలు తెరిచింది. రాంజీ వరసలో బి నెగెటివ్. జగన్ వరసలో కామాకూ కామాకూ నడుమ ఏమీ లేదు. కొమురెల్లి వరసలోనూ అంతే. గ్రూపు తెలియదని వదిలేసిన ఖాళీ అది.

దవాఖానలో పరీక్ష చెయ్యకుండా ఎక్కించరు, నిజమే. కానీ జగన్‌ది కాదని తేలేదాకా సీతాబాయి ఆగుతుందా?

రాంజీకి చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. ఆ నినాదాల హోరులో ఏం వినిపిస్తుంది? జగన్‌కు చేసింది.

"తమ్మీ, ఎనుకకు మర్రు. రాంజీ బాపును తోలుకపో."

"ఏందక్కా, నా నెత్తురు నచ్చలేదా?"

"తప్పు నాది. నీ గ్రూపు మాకు తెల్వదు, ఆ గడి ఖాళీ. బాపుదే కావాలె. జల్ది పో తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత!"

బండి తిరిగిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. తానే చేసే ధైర్యం యమునకు లేదు. చేస్తే సక్రు ఏడుపు వినిపిస్తుందేమో. ఇవే తప్పుడు గడులున్న జాబితాను పొద్దున భూపాలపల్లికీ పంపానని గుర్తొచ్చి, అక్కడి సంఘం అన్నకు ఫోన్ కలిపింది.

"అన్నా, నేను పంపినది ఎవలకూ చెప్పకుండ్రి. తప్పున్నది."

"ఇంక చూడనే లేదు యమునా. ఏమైంది?"

"మళ్ళ చెప్త" అని పెట్టేసింది. గోడకు ఆనుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. బయట ఊరేగింపు పోయింది. డప్పులు దూరమైపోయాక కూడా ఆమె గుండె అట్లాగే కొట్టుకుంటూ ఉంది.

ఎండ గడప దిగాక ఫోన్ మోగింది. జగన్.

"బాపు నెత్తురు ఎక్కుతున్నదక్కా. రోడ్డు మీదున్నోళ్ళే బండికి తొవ్వ ఇచ్చిన్రు. వదినె కండ్లు తెరిచింది. సక్రన్న బాపు చేతులు ఇడుస్తలేడు."

యమున కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాది గుడ పరీక్ష చేయించుకున్న. ఓ పాజిటివ్. ఇగ నింపు నా గడి."

నింపింది. కింద కొమురెల్లి గడిలో ఉన్నది చెరిపి, ఖాళీగా వదిలింది. మిగతావి ఒక్కొక్కటే అసలు ఫైలుతో సరిచూస్తూ కూర్చుంది.