పసుపు నీళ్ళ సీసా

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పైనున్న ఆ ల్యాబుకి రోజూ ఎన్నో సీసాలు వస్తాయి గానీ, పసుపు నీళ్ళ సీసాని డాక్టర్ విజయదుర్గ చూడటం అదే మొదటిసారి. తెచ్చింది మన్సూరాబాద్ ఆండాలు. లోపల ఆమె కూతురు అరుణ కిడ్నీలోంచి సూదితో తీసిన దారప్పోగంత ముక్క. ఎల్బీ నగర్ ఆసుపత్రిలో శనివారం సాయంత్రం తీసి చేతికిచ్చారు. ముక్కను ల్యాబుకి చేర్చే పని మన దగ్గర ఇంటివాళ్ళదే కదా! ఆదివారం ల్యాబు మూత. సోమవారం దాకా సీసా ఆండాలు ఇంట్లోనే ఉంది.

"ముక్క పాడవకుండా ఇందులో మందుండాలి కదమ్మా, ఏమైంది?" అంది విజయదుర్గ.

"గా మందా? మూత తీస్తె కండ్లు మండినయ్ మేడం. నా బిడ్డ మాంసం గంత ఘాటుల ఎట్ల ఉంచాలె? పారబోసి, మంచిగ కడిగి, పసుపు నీళ్ళల్ల ఏసిన. పుండైతె గదే పెడ్తం గద!"

విజయదుర్గకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ముఖం చూశాక మాత్రం సీసా మీద పేరు రాసి లోపలికి పంపేసింది. తల్లి మీద ఏమని అరుస్తుంది?

మర్నాడు స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టింది. ఏ అవయవంలోనైనా పనిచేసే కణాలు బీరతీగ లాంటివి, వాటిని మోసే నారపోగులు పందిరి లాంటివి. ఇక్కడ పందిరి నిలబడే ఉంది, తీగ లేదు. పనిచేసే కణాలన్నీ నీళ్ళకి ఉబ్బి, చితికి, కరిగిపోయాయి. మందులకి లొంగే జబ్బో, డయాలసిస్సే గతో ఆ కణాలే చెప్పాలి. జబ్బు తిన్నదెంతో, నీళ్ళు తిన్నదెంతో ఇక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అయినా స్లైడు మార్చి మార్చి చూసింది. చూస్తే వస్తాయా?

ముక్క తీసిన ఎల్బీ నగర్ డాక్టర్ రాఘవేంద్రకి ఫోన్ చేసింది. "మళ్ళీ తీయగలరా అండీ?"

"మొదటి సూదికే రక్తం ఆగలేదు మేడం. మళ్ళీ గుచ్చితే మనిషి దక్కదు. ఊహ మీదే మందు మొదలుపెట్టాలి."

బయట బెంచీ మీద ఆండాలు ఎదురుచూస్తోంది.

"ముక్క పాడైపోయిందమ్మా. ఏమీ తెలియట్లేదు."

"నేను కడిగినందుకేనా?"

విజయదుర్గ తల దించుకుంది.

ఆండాలు లేచి, కొంగు పక్కకి లాగి నడుము చూపించింది.

"గట్లయితె నాది తీయుండ్రి. నా బిడ్డది నా కడుపుల వుట్టిన మాంసమే గద, రెండూ ఒక్కటే. జర జల్ది తీయుండ్రి మేడం. ఈపారి మూత గూడ తియ్య."