దీపం వెలుగుతోందా?

"ముందు ఇది చెప్పండమ్మా, తెర కింద చిన్న దీపం వెలుగుతోందా?"

ఫోనులో అవతల రికార్డుల గది గుమాస్తా వంగి చూసి, లేదంది. ప్లగ్గు గట్టిగా నొక్కమంది అక్క.

"అయ్యో, వచ్చేసింది! ఇంత చిన్నదానికి మిమ్మల్ని విసిగించాను."

"ఫర్వాలేదమ్మా, ఈ దీపాలు అందరినీ ఏడిపిస్తాయి."

ఆ ఉదయం అది పదకొండో ఫోను.

ఆఫీసు మొత్తానికీ ఆవిడ హెల్ప్‌డెస్క్ అక్క. పదహారేళ్లుగా అదే కుర్చీ, కిటికీ లేని అదే గది. ఎవరి కంప్యూటరు మొరాయించినా మొదటి ఫోను ఎత్తేది ఆవిడే. మరచిపోయిన పాస్‌వర్డులు మార్చడం, కొత్తవాళ్లకు ఖాతాలు తెరవడం, వెళ్లిపోయినవాళ్లవి మూసెయ్యడం ఆవిడ పని. ఏ పనికైనా కంప్యూటర్లో ఒక చీటీ నమోదు కావాలి, దాన్నే టికెట్ అంటారు. హెడ్‌సెట్ ఒత్తిడికి ఎడమ చెవి మందగించింది. ఇంట్లో అత్తగారు ఎడమవైపు కూర్చుని మొదలుపెడితే సగం మాటలు గాలికే పోతాయి. ఈ ఉద్యోగం వల్ల ఒరిగింది అదొక్కటేనని అక్క నవ్వుతూ ఉంటుంది.

ఇవాళ నవ్వడం లేదు. ఇవాళ ఆఖరి రోజు.

కారణం ఎదుటి గోడమీదే ఉంది. మేనేజరు అంటించిన కాగితం. ఎంట్రీ లెవెల్ సపోర్టు ఉద్యోగానికి ఇంజినీరింగ్ డిగ్రీ కావాలట, రెండు సర్టిఫికెట్లు కావాలట, రెండేళ్ల అనుభవం, ముప్పైలోపు వయసు. అడుగున, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు, 'ఓర్పుగా వినగలగాలి'. కాలేజీ గడప తొక్కకుండా ఆరునెలల కోర్సుతో వచ్చి, నలభై ఏడు దాటిన అక్క దగ్గర ఆ చివరి ముక్కా, అనుభవమూ తప్ప ఏమీ లేవు.

ఆ మేనేజరుకు వైరు చివర క్లిప్పు బిగించడం నేర్పింది ఎవరనుకున్నారు? ఈవిడే. తొమ్మిదేళ్ల కిందట ట్రైనీగా వచ్చి "అక్కా, అక్కా" అంటూ కొంగు పట్టుకుని తిరిగాడు. ఐదేళ్ల కిందట మేనేజరు కుర్చీ ఎక్కిన రోజునుంచి అక్క కాస్తా మేడమ్ అయింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆవిడకు ఒళ్లు మండేది.

ట్రైనీగా ఉన్నప్పుడు అతనొక తప్పు చేశాడు. ప్రింటర్లూ, తలుపులు తెరిచే కార్డులూ, మీటింగు హాల్లో తెరా నడవడానికి వేరే ఖాతా పెట్టాల్సింది పోయి, "ప్రస్తుతానికి" అంటూ అన్నింటినీ అక్క ఖాతాకే కట్టేశాడు. ఆ ప్రస్తుతానికి తొమ్మిదేళ్లు నిండాయి. ఆ ఖాతా మూస్తే అన్నీ ఒక్కసారే పడుకుంటాయి. మార్చమని అక్క మూడుసార్లు ఈమెయిల్ పెట్టింది. మూడుసార్లూ ఉలుకూ పలుకూ లేదు.

పన్నెండింటికి అతనే తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, సరిగ్గా నాలుగింటికి మీ ఖాతా మీరే మూసెయ్యండి. టికెట్ మీ పేరునే పెట్టాను. అప్పుడు నేను మీటింగు హాల్లో మన ఆఫీసు పెద్దాయనకి కొత్త టీమ్ గురించి చెబుతుంటాను."

"సార్, ఆ ఖాతా మీద..."

"మీది ఎంట్రీ లెవెల్ పని. చెప్పింది చేస్తే చాలు. ఏమున్నా టికెట్ పెట్టండి. టికెట్ లేనిదే మాట లేదు, ఆ రూల్ పెట్టింది అందుకేగా!"

"సరే సార్," అంది అక్క.

డబ్బా విప్పుకుని తింటూ ఆలోచించింది. ఒక్క టికెట్ రాస్తే అతను గట్టెక్కుతాడు. రెండు వాక్యాలు రాసింది కూడా. తలెత్తేసరికి గోడమీది కాగితం కంటబడింది. "ఏడవనీ," అని పైకే అని, రెండూ చెరిపేసింది. పాపమనిపించలేదు సరికదా, ఎన్నాళ్లకో ముద్ద రుచిగా దిగింది.

కప్పు, చెప్పులు, దువ్వెన సంచీలో పడ్డాయి. నాలుగింటికి టికెట్లో 'పని పూర్తయింది' అని ముందే రాసి, తన పేరు వెతికి పట్టుకుంది. నిజంగా మూయమంటారా అని అడిగింది తెర. మూయమంది.

ముందు నడవలో ప్రింటరు చప్పుడు ఆగింది. తర్వాత బయట ఎవరో తలుపుకు కార్డు టకటకా కొట్టడం వినిపించింది. తర్వాత ఫోను.

"అక్కా! తెర పోయింది. పెద్దాయన నా మొహమే చూస్తున్నాడు. ఏం చేశావక్కా?"

ఐదేళ్లకు అక్కా అన్నాడు. ఆ మందగించిన చెవికి ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. ఒక్క క్షణం మనసు మెత్తబడబోయింది. వెంటనే కుదురుకుంది.

"తెర కింద చిన్న దీపం వెలుగుతోందా సార్?"

"దీపం సంగతి కాదక్కా, ప్లీజ్!"

"అయితే టికెట్ పెట్టండి సార్. కొత్తగా వచ్చేవాళ్లు చూస్తారు. ఓర్పుగా వింటారు."

హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టింది. నడవ చివర తలుపును లోపలినుంచి తెరిస్తే, ఫైళ్లు గుండెలకు హత్తుకుని పొద్దుటి రికార్డుల గది గుమాస్తా నిలబడి ఉంది.

"అమ్మయ్య, మీరా! ఇందాకటినుంచి కార్డు పనిచెయ్యట్లేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను, కాస్త చూడండక్కా."

అక్క ఆమె లోపలికి వెళ్లేదాకా తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత వదిలేసి మెట్లు దిగింది.

ఖాళీ గదిలో, స్పాంజి అరిగిపోయిన హెడ్‌సెట్ మీద చిన్న దీపం వెలుగుతూ, ఆరుతూ, మళ్లీ వెలుగుతూ ఉంది.