వెనక బండిలో మనిషి

చెడిపోయిన లారీని లాగుకొని రావాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ముందు లాగే బండి నడపడానికి ఒకరు, వెనక ఆగిపోయిన లారీలో కూర్చొని స్టీరింగు పట్టుకోవడానికి ఇంకొకరు. బేతంచెర్లలో లేవి బండికి ఆ రెండో మనిషి అతని భార్య రెజీనా.

ఆ చోటు మొదట ఆమెది కాదు. లేవి తమ్ముడు ఏసుబాబు కూర్చునేవాడు. ఏడేళ్ల కిందట ఒకనాడు పొద్దున్నే సంచి భుజాన వేసుకొని, రాయచోటిలో పని దొరికిందని, "పోయొస్తా వదినా" అని వెళ్లాడు. పోవడం పోయాడు గానీ రావడం రాలేదు. ఆ మధ్యాహ్నమే నాపబండల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. వేరే మనిషి దొరకలేదు. జీపు నడపడం వచ్చు కదా, ఈ ఒక్కసారికి ఎక్కమన్నాడు లేవి. ఆ ఒక్కసారే ఏడేళ్లయింది. మధ్యలో ఆమె కర్నూలు పోయి పెద్ద బండ్ల లైసెన్సు కూడా తెచ్చుకుంది.

రెండు బండ్లకూ మధ్య ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ముందు బండి నుంచి పైపు వేసి వెనక బండి బ్రేకులకు గాలి పంపిస్తారు. అంతా బిగించాక లేవి ఆమె తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి ముందుకు నడిచిపోతాడు. ఆ రెండు దెబ్బలు వినగానే రెజీనా స్టీరింగు బిగించి పట్టుకుంటుంది. ఇద్దరూ ఒకే దారిన పోతారు, ఒకే చోట ఆగుతారు, కానీ ఆగేదాకా మాట ఉండదు, మొహం కనపడదు. మనుషులు కళ్ల ముందు నుంచి వెళ్లిపోవడం ఆమె చాలా చూసింది. అందుకే బండి కదిలినప్పటి నుంచి చూపు మరల్చదు.

ఆమె చూసేది కొక్కేన్ని. లాగే బండి వెనక, క్రేను కొసన, గొలుసుకు ఒక పెద్ద ఇనుప కొక్కెం వేలాడుతూ ఉంటుంది. కొండ ఎక్కుడులో లేవి గేరు మార్చడానికి క్లచ్ తొక్కగానే బండి ఊపు తగ్గి కొక్కెం ముందుకు ఊగుతుంది. కడ్డీ వదులవుతుంది. మళ్లీ గేరు పడి కడ్డీ బిగుసుకునేలోగా రెజీనా బ్రేకు మీద కాలు ఆనించి కాచుకుంటుంది. దిగుడులోనూ అంతే. ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదటి వారం భయంతో దేన్నో ఒకదాన్ని పట్టుకొని చూడాలి గనక కొక్కేన్ని చూసింది, అదే చదువైంది.

లేవి ఎడమ మోకాలు పాడవుతోందని కూడా ఆమెకు ఆ కొక్కెమే చెప్పింది. ఒకప్పుడు ఒక్క ఊపు ఊగి సర్దుకునేది, ఇప్పుడు ముందుకు పోయి అక్కడే తడబడుతోంది. అంటే అతను క్లచ్ తొక్కి, వదల్లేక వదులుతున్నాడు. నాలుగు నెలలు ఆమె ఏమీ అనలేదు, అతనూ చెప్పలేదు. చివరికి కర్నూలు డాక్టరు చెప్పాడు, గుజ్జు అరిగిపోయిందని, క్లచ్ తొక్కే పని మానుకోకపోతే కర్ర పట్టుకొని నడవాల్సి వస్తుందని.

అదే నెలలో పాత బండి పనీ అయిపోయింది. ఇంజను ఆయిలు మింగి పొగ కక్కుతోంది. ఆసుపత్రి నుంచి అటే షోరూముకు పోయారు. ఇంజను ఒకటే డీజిల్ ఇంజను, బండి రెండు రకాలు. ఒకటి గేరు బండి, క్లచ్ తొక్కి చేత్తో వేసుకునేది. ఇంకొకటి ఆటోమేటిక్, క్లచ్ పెడలే లేదు. రెజీనా ఆ క్లచ్ లేని చోటును వంగి చూసి, వెతకబోయిన మందు అంగట్లో కళ్ల ముందే దొరికినట్టు నిమ్మళపడింది. ఇక తేల్చుకోవలసిందేముంది అనుకుంది.

లేవి మాత్రం అమ్మే మనిషి వసంతకుమార్‌ను ఒకటే అడిగాడు, కొండ మీద ఇది గేరు ఎప్పుడు మారుస్తుందని. అవసరమైనప్పుడు అదే మార్చుకుంటుందని, కావాలంటే చేత్తో మీట కదిపి కూడా మార్చవచ్చని అతను చెప్పాడు.

"చేత్తో చెప్పినా దానికి బుద్ధి పుట్టినప్పుడే గదప్పా వేసేది" అన్నాడు లేవి.

ఇంజనుకు దెబ్బ తగలకుండా చూసుకొని వేస్తుందని వసంతకుమార్ నవ్వాడు. లేవి నవ్వలేదు. ఏ బండి కావాలో వచ్చే సోమవారం చెబుతామన్నాడు. ఆ రోజు తమకు బేతంచెర్లలో పని ఉందని, ఆటోమేటిక్ బండి ఒకటి తెచ్చి చూపిస్తానని, చూసే తేల్చుకోమని వసంతకుమార్ అన్నాడు.

ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు అదే మాట. రెజీనా ఆటోమేటిక్ అంటుంది, లేవి చూద్దామంటాడు. డబ్బు సంగతా అంటే కాదు, తేడా పెద్దగా లేదు. మగతనమా అంటే అదీ కాదు, నీళ్ల బిందె మోయడానికి సిగ్గుపడే మనిషి కాడు. నోట్లో ఏదో మాట నానబెట్టుకొని తిరిగాడు.

చూసి చూసి అతని తల్లి జీవమ్మ చీట్లు వేద్దామంది. ఆమెది తనంత తాను నేర్చుకున్న చదువు. నలభై ఏళ్లు దాటాక బైబిలు మీద వేలు పెట్టుకొని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొంది. చదవడం వచ్చు, రాయడం రాదు.

"అపొస్తలులే చీట్లు వేసినారు, మనమెంత" అంది. "దేవుడు ఏది చెప్తే అది. ఆ మింద ఎవురూ నోరెత్తేది ల్యా."

రెజీనా చేతులు జొన్నపిండిలో ఉన్నాయి. చీటీలు లేవి రాశాడు. జీవమ్మ వాటిని మడత విప్పకుండా బైబిల్లో, ఆ చీట్ల కథ ఉన్న అపొస్తలుల కార్యముల దగ్గర పెట్టి మూసి, చాలాసేపు ప్రార్థన చేసి, ఒకటి తీసి విప్పింది. గే, రు, అని చదివింది. రెండో చీటీని చూడలేదు. దేవుడు వద్దన్నదాన్ని తిరగేసి చూస్తే మళ్లీ అడిగినట్టవుతుందని ఆమె నమ్మకం. బైబిలు దిండు కింద పెట్టుకొని పడుకుంది.

రెజీనాకు ఏడవడానికి కూడా దారి లేకపోయింది. మొగునితో వాదించవచ్చు, దేవునితో ఏం వాదిస్తుంది?

శనివారం బనగానపల్లె దారిలో, కొండ ఎక్కే చోట, బండల లోడుతో ఒక లారీ ఆగిపోయింది. కడ్డీ బిగించారు, తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి, కదిలారు. ఎక్కుడు సగంలో కొక్కెం ముందుకు ఊగింది. ఊగి వెనక్కి రాలేదు. రెజీనా గుండె ఒకటి కొట్టుకుంది, రెండు కొట్టుకుంది. కడ్డీ బిగుసుకోవలసింది పోయి ఆమె మీదికి నెట్టింది. ముందు బండి వెనక్కి వస్తోంది. ఆమె రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టి నిలబడినంత పని చేసింది. రెండు బండ్లూ గజం దూరం జారి ఆగాయి. పైన బండలు ఒకదానికొకటి తగిలి పళ్లు కొరికినట్టు చప్పుడు చేశాయి.

చక్రాల కింద రాళ్లు వేసి ఆమె ముందుకు పరుగెత్తింది. లేవి సీట్లోనే ఉన్నాడు. రెండు చేతులతో మోకాలు పట్టుకొని ఉన్నాడు, అది మడత పడి విడివడడం లేదు. గేరు సరిగా పడలేదని చెప్పాడు. ఆమె నీళ్ల బాటిలు ఇచ్చి, అతను తాగి కాలు చాపుకునేదాకా నిలబడి, వెనక్కి నడిచింది. ఏసుబాబు పోయాడు, రేపు ఈ కాలు పోతే ఈ మనిషి ఇంట్లో గోడకానుకొని కూర్చొని ఎటు పోతాడో అనుకుంటూ నడిచింది. మనుషులు ఇంట్లో ఉండి కూడా వెళ్లిపోగలరని ఆమెకు తెలుసు.

మరునాడు ఆదివారం. చర్చిలో ఆడవాళ్లు ఒక వైపు చాపల మీద, మగవాళ్లు ఒక వైపు. లేవి చాప మీద కూర్చోలేక వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. పాస్టరు వాక్యం చెప్పగానే జీవమ్మ బైబిలు కోడలి చేతిలో పెట్టింది, నువ్వైతే తొందరగా తీస్తావని. పుటలు తిప్పుతుంటే ఒక చీటీ రెజీనా ఒడిలో పడింది. ఇంట్లో మిగిలిపోయిన చీటీ. విప్పింది. దాని మీద కూడా గేరు అనే ఉంది.

ఆమె దాన్ని పిడికిట్లో పెట్టుకొంది. వాక్యం ఏం చదివారో, పాట ఏం పాడారో ఆమెకు తెలియదు. దేవుడు కాదన్నాడని చీటీ తీసినప్పటి నుంచి నోరు మూసుకొంది. తీరా చూస్తే దేవుణ్ని ఎవరూ అడగనే లేదు.

అందరూ వెళ్లాక ప్రహరీ పక్కన, లేవి బైకు తీస్తుంటే చీటీ చూపించింది.

"ఇది నీ రాతే గదా."

అతను చూసి, దాన్ని ఇంకా చిన్నగా మడిచాడు.

"అమ్మకు చెప్పొద్దు."

"అమ్మ సంగతి తర్వాత. దేవుని పుస్తకంలో దొంగ చీటీ పెట్టినావంటే దానికేదో ఉండాల. ఏముండాది?"

లేవి బైకుకు మళ్లీ స్టాండు వేశాడు.

"వెనక నువ్వుంటావు" అన్నాడు. "నేను క్లచ్చి తొక్కితే ఇంజను గొంతు మారుతాది. అది ఇని నువ్వు కాసుకుంటావు. ఆటోమేటిక్‌దైతే గేరు ఎప్పుడు మారేది నాకే తెలీదు. నాకే తెలీనిది నీకెట్ల చెప్పేది?"

రెజీనాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఇతను నడవలేని కాలితో తొక్కింది తనతో మాట్లాడటానికి.

"గొంతు నాకు యాడ ఇనపడతాది?" అంది మెల్లగా. "వెనక అద్దాలు ఒక మోత, బండలు ఒక మోత. నేను ఇనేదేం ల్యా. కొక్కెం చూస్తా."

"ఏ కొక్కెం?"

"నువ్వు తగిలించిందే."

అతను నమ్మలేదు. ఏడేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేమన్నాడు. ఏడేళ్లలో నువ్వు ఎప్పుడైనా వెనక కూర్చున్నావా అని ఆమె అడిగింది.

సోమవారం వసంతకుమార్ ఆటోమేటిక్ బండి తెచ్చాడు. దానికింకా క్రేను లేదు. రెజీనా అతన్ని ఒప్పించి దాని వెనక తాడుతో ఒక దూలం ముక్క కట్టించి, పాత బండి కొక్కేన్ని గొలుసుతో సహా దానికి వేలాడదీసింది. బండల పాలిషు ఫ్యాక్టరీ ముందు చెడిపోయి నిలిచిన ఒక ఖాళీ లారీని ఆ కొత్త బండికి బిగించారు. వసంతకుమార్ ముందు కూర్చున్నాడు. లేవి వెనక లారీలో స్టీరింగు పట్టుకొని, ఎడమ కాలు చాపుకొన్నాడు. రెజీనా అతని పక్కన ఎక్కింది. వెనక బండిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

మొదటి ఎక్కుడులో అతను చెవులు రిక్కించాడు. గేరు మారింది, కడ్డీ గుంజింది, అతని తల వెనక్కి కొట్టుకుంది. రెండోసారి కూడా అంతే. ముందు బండి ఏమీ చెప్పడం లేదని గొణిగాడు.

"చెవి మూసుకో" అంది రెజీనా. "దాన్ని చూడు. నన్ను గాదు, దాన్ని."

మూడోసారి కొక్కెం ముందుకు ఊగింది. లేవి కాలు బ్రేకు మీద ఆనింది. కడ్డీ మెత్తగా బిగుసుకొంది, బండి చక్కగా పోయింది. నాలుగోసారి, ఐదోసారి. దిగుడు కూడా అయిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు గనక వసంతకుమార్ రైల్వే గేటు దాకా లాగుకొంటూ పోయాడు.

"ఏడేండ్లూ నువ్వు చూసింది ఇదేనా" అన్నాడు లేవి, చూపు తిప్పకుండానే.

"ఇదే. నీ మొగం కనపడదు గదా."

గేటు దగ్గర దిగి, కుంటుకుంటూ ముందుకు పోయి, ఆటోమేటిక్‌దే రాసుకోమని వసంతకుమార్‌తో చెప్పాడు.

మిగిలింది జీవమ్మ. ఇంటికి పోయి లేవి తల్లి ముందు కూర్చొని రెండు చీటీల సంగతీ, కొక్కెం సంగతీ తానే చెప్పుకొన్నాడు. రెజీనా వంటింటి గడప దగ్గర నిలబడి విన్నది. ముసలామె బైబిలు తెరిచి, మళ్లీ మూసింది.

"రెండూ నువ్వే రాసుకుంటే దేవుడు తీసేదానికి ఏం మిగిల్చినావు నాయనా" అంది చివరికి. ఆపైన, కొడుకు చెవిని గుప్పిట్లో పట్టుకొని చిన్నప్పటిలా మెలిపెట్టి, కోడలి వైపు తిరిగి అడిగింది, "కొత్త బండికి ఆ కొక్కెం ఉంటాదా?"

ఉంటుందని రెజీనా చెప్పింది. అయినా ముసలామె మరో రెండుసార్లు అడిగింది.

కొత్త బండి వెనక క్రేను కట్టించుకొని రావడానికి రెండు నెలలు పట్టింది. మొదటి పని డోన్ దారిలో, సున్నపురాయి లారీ. కడ్డీ బిగించి, గాలి పైపు తగిలించి, లేవి రెజీనా తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. ముందుకు నడిచాడు. తన తలుపు తీయబోయి ఆగి, వెనక్కి వచ్చి, కొక్కేన్ని చేత్తో ఒకసారి ఊపి చూశాడు. గొలుసు ఎక్కడా తట్టుకోకుండా ఊగుతోంది. అది ఆగేదాకా నిలబడి, అప్పుడు పోయి బండి ఎక్కాడు.