ఇరవయ్యో తారీకు

సరిహద్దు గేటు మూసి ఆరు రోజులైంది. లాయిక్ హుస్సేన్ పెషావర్ నుంచి బయలుదేరి, సైనికుల కాపలాలో నడిచే వాహనాల వరసలో కుర్రం లోయకి వస్తున్నాడు. ఒళ్ళో ఇరవయ్యారు నోటుపుస్తకాల మూట. థల్ దగ్గర వ్యాన్ ఎక్కించుకునే ముందు డ్రైవరు ప్రతి మనిషినీ "ఏ ఊరు?" అని అడిగాడు. సున్నీల ఊరి పేరు చెప్పినవాళ్ళని వెనక బండిలోకి పొమ్మన్నాడు. వాళ్ళు మూటలు సర్దుకుని వెళ్ళారు. ఆ ఒక్క ప్రశ్న గురించి లాయిక్ తన పరిశోధనలో పదకొండు పేజీలు రాశాడు.

నోటుపుస్తకాలు ఖయాల్ బాద్‌షా మాస్టారివి, పరిశోధనకని అరువు తెచ్చుకున్నవి. జర్దానాలో ఆయన బడి వరండాకి ఎదురుగానే రోడ్డు. ముప్ఫయ్యేళ్ళపాటు రోజూ సాయంత్రం నాలుగు ముక్కలు రాసుకున్నాడాయన. ఉప్పు లారీలు ఎన్ని పోయాయి, గేటు తెరిచారా మూశారా, ఏ పిల్లలు బడి మానేశారు, కొండ దాటి కొత్త మొహాలేమైనా దిగాయా. జర్దానా సున్నీల ఊరు. ఎగువనున్న మలంగ్ కలే షియాలది, లాయిక్ పుట్టిందక్కడే. చిన్నప్పుడు రెండు ఊళ్ళ పిల్లలకీ అదొక్కటే బడి.

గేటు అవతలి పొరుగు దేశంతో మాటలు చెడినప్పుడల్లా ఈ లోయలో తుపాకులు ఎందుకు పేలతాయన్నది లాయిక్ పరిశోధన. మాస్టారి పుస్తకాలు తిరగేసేదాకా అది ఊహే. తిరగేశాక లెక్కయి కూర్చుంది. ఇప్పటికి ఐదు గొడవలు. ఐదుసార్లూ ముందు గేటు మూశారు, తర్వాత డ్రైవర్లు ఊరి పేరు అడగడం మొదలుపెట్టారు, గేటు మూసి మూడు వారాలు నిండకుండానే శవాలు లేచాయి.

జర్దానాలో మాస్టారు మూట అందుకుని, గ్రీన్ టీ పోసి, అంతా విన్నాడు.

"ఎప్పుడంటావు?"

"ఇరవయ్యో తారీకు లోపల, ఉస్తాద్. అప్పటికి గేటు మూసి మూడు వారాలు నిండుతాయి."

ముసలాయన పిడికెడు అక్రోట్లు తీసి శిష్యుడి చేతిలో పోశాడు. "నువ్వు లెక్కల్లో ఎప్పుడూ మొద్దువే కదరా. ఈ ఒక్కటీ ఎలా కుదిరిందిరా నీకు?" అన్నాడు. నవ్వబోయాడు కాని నవ్వు రాలేదు. "వినూ. పై అధికారి దగ్గరికెళ్ళి చెప్పు. ఇంకెవరి చెవినా వెయ్యకు. మీ ఇంట్లో కూడా."

లాయిక్ మర్నాడే జిల్లా కేంద్రమైన పారాచినార్ వెళ్ళి ఒక అధికారిని కలిశాడు. ఆయన కుర్చీ చూపించాడు, బిస్కెట్లు తెప్పించాడు, కాగితాలు మాత్రం ముట్టుకోలేదు. "డాక్టర్ సాబ్, ఇలాంటివి సెమినార్లలో బాగుంటాయి. ఇక్కడ అంతా ప్రశాంతంగా ఉంది, మీరే చూస్తున్నారుగా," అన్నాడు, డాక్టరేట్ పట్టా ఇంకా రాకుండానే అతన్ని డాక్టర్ని చేసేసి. కిటికీలోంచి చూస్తే నిజంగానే అంతా ప్రశాంతంగా ఉంది.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు జామిన్ అలీ వాకిట్లో బంగాళాదుంపలు బస్తాలకెత్తుతున్నాడు. అతని భార్య మర్జానాకి నెలలు నిండాయి. మొదటి కాన్పులో ప్రాణం మీదికి వచ్చింది. ఈసారి పెషావర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలని అనుకుంటున్నారు.

"ఎప్పుడు తీసుకెళ్తున్నావురా?" అన్నాడు లాయిక్.

"దుంపలు అమ్ముడుపోనీ లాలా. నెలాఖరుకి పోతాం."

"నెలాఖరు దాకా వద్దు. ఈ వారంలోనే పొండి."

"ఏం, పెషావర్ ఎక్కడికైనా లేచిపోతుందా?"

లాయిక్ నాలిక కొసన ఉన్నదాన్ని మింగేశాడు. అంతలో మర్జానా నడుం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెను చూశాక అతని నోరు ఆగలేదు. ఇరవయ్యో తారీకు లోపల గొడవ లేస్తుందన్నాడు. తమ్ముడు నమ్మలేదు, "చదువు ఎక్కువైతే ఇంతే" అని ఎగతాళి చేశాడు. నమ్మించడానికి లాయిక్ మాస్టారి పేరు కూడా చెప్పేశాడు. "ముప్ఫయ్యేళ్ళుగా ఆయన రాసిపెట్టినవి చూసి చెబుతున్నానురా!"

జామిన్ చేతిలో బస్తా కింద పెట్టేశాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టాడు. ఒక్క మామగారికి మాత్రం చెప్పాడు. కూతుర్ని ఉన్నపళంగా ఎందుకు తీసుకెళ్తున్నావని ఆయన అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా.

రెండు రోజుల తర్వాత లాయిక్ బజారుకి వెళ్ళాడు. రొట్టెల కొట్టు దగ్గర బారుగా జనం. కొట్టువాడు చేతులు దులుపుకుని పలకలు మూసేస్తున్నాడు.

"పిండి లేదు సాబ్. పొద్దున్నుంచి బస్తాలకి బస్తాలు ఎత్తుకుపోయారు. ఉప్పూ లేదు, కిరసనాయిలూ లేదు."

"ఎందుకట?"

"మీకు తెలీదా? ఎక్కడ పడుకున్నారు ఇన్నాళ్ళూ? పెషావర్ డాక్టరొకడు కంప్యూటర్లో లెక్క కట్టాడంట. ఇరవయ్యో తారీకు ఖాయమంట. జర్దానా మాస్టారు ముప్ఫయ్యేళ్ళ నుంచీ వాళ్ళ ఊరి రహస్యాలన్నీ మనకి రాసి పంపుతున్నాడంట." వాడు గొంతు తగ్గించాడు. "మంచోడు పాపం, వాళ్ళలో ఉన్నాగాని."

లాయిక్ అక్కడే గోడవార నిలబడి మాస్టారికి ఫోన్ చేశాడు.

"మీవాళ్ళు పిండి బస్తాలు ఎత్తుతున్నారని ఇక్కడ తెలిసిపోయింది," అన్నాడు మాస్టారు. "దాడికి సిద్ధమవుతున్నారని మావాళ్ళు అనుకుంటున్నారు. కొండ మీది పాత బంకర్లకి పొద్దున మనుషుల్ని పంపారు. మీవాళ్ళు అది చూసే ఉంటారు."

"ఉస్తాద్... నేను జామిన్‌కి చెప్పాను."

అవతల గొర్రెల మెడగంటలు వినబడ్డాయి.

"నా పేరు చెప్పావా?"

"చెప్పాను."

"సరే," అన్నాడు మాస్టారు, హాజరు పట్టీ మూసినట్టు. ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం నమాజు అయ్యాక లాయిక్ మలంగ్ కలే పెద్దల ముందు లేచి నిలబడ్డాడు. తారీకు ఏదీ లేదని, అది తన కాగితాల్లోని ఊహేనని చెప్పి, పిండి కొనడం మానేసి, పోటీగా కొండ మీదికి పంపిన తమ మనుషుల్ని దింపమని బతిమాలాడు. అందరూ మర్యాదగా విన్నారు. బయటికి వస్తుంటే ఒక పెద్దాయన అతని భుజం నిమిరాడు. "భయపడకు బాబూ. నీ నోరు నొక్కేశారని మాకు అర్థమైంది. మా జాగ్రత్తలో మేముంటాం." సాయంత్రానికి ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. డాక్టరంతటివాడే మాట మార్చాడంటే, గండం ఇరవైకన్నా ముందే ఉందన్నమాట.

పన్నెండో తారీకు పట్టపగలు, వరి కోతల మధ్యలో మొదటి తూటా పేలింది. ఎవరు కాల్చారో ఈనాటికీ రెండు ఊళ్ళూ రెండు రకాలుగా చెబుతాయి. కాల్పులు పదకొండు రోజులు సాగాయి. రోడ్డు మూసుకుపోయింది. జామిన్ పదమూడో తారీకుకి మాట్లాడిన వ్యాన్ రాలేదు. ఐదో రోజున ఇంట్లోనే మర్జానాకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బతికింది. రక్తం ఆగక తల్లి మూడో నాటికి పోయింది. జామిన్ అన్నని ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడనూ లేదు.

జర్దానాలో జిర్గా, అంటే పెద్దల పంచాయితీ, కూర్చుని మాస్టారిని వెలివేసింది. బడిలో పుస్తకాల మూట దొరికింది, రుజువుకి అంతకంటే ఇంకేం కావాలి? ఇల్లు తగలబెట్టారు. పెషావర్‌లో మేనల్లుడి ఇంట్లో, మెట్ల కింది గదిలో ఉంటున్న ఆయన్ని వెతుక్కుంటూ లాయిక్ వెళ్ళాడు. కాళ్ళు పట్టుకున్నాడు. మాస్టారు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"లే. పిల్లలు చూస్తారు."

"పరిశోధనలో నా తప్పు కూడా రాస్తాను ఉస్తాద్. దాచను."

"రాయి. నేను అన్నేళ్ళు రాశాను. ఇప్పుడు నువ్వు రాయి." ఆ మాటలో కోపం ఉందో లేదో లాయిక్ పోల్చుకోలేకపోయాడు. ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

లాయిక్‌కి పట్టా వచ్చింది. ఎనిమిది రోజుల తేడాతో ముందే చెప్పగలిగాడని పరీక్షకులు మెచ్చుకున్నారు. వసంతం వచ్చేసరికి ఫోన్లు మొదలయ్యాయి. పై ఊళ్ళ నుంచీ, కింది ఊళ్ళ నుంచీ కూడా. ఎవరెవరో నంబరు సంపాదించి చేస్తున్నారు. పొలం కౌలుకి తీసుకోవచ్చా అని ఒకడు. కొడుకుని బడికి పంపచ్చా అని ఒకామె.

ఒకరోజు మధ్యాహ్నం యూనివర్సిటీలో పాఠం చెప్పి వస్తుంటే జర్దానా నుంచి ఒకతను చేశాడు. మర్యాదస్తుడు. పేరు కూడా చెప్పుకున్నాడు.

"డాక్టర్ సాబ్, మా అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం. రంజాన్‌కి ముందు చేసెయ్యమంటారా, తర్వాతా?"

"నాకెలా తెలుస్తుందండీ? నిజంగా నాకు తెలియదు."

అవతల నిట్టూర్పు వినబడింది. తర్వాత ఆ మనిషి ఇంట్లో ఎవరితోనో అంటున్నాడు, ఫోన్‌కి కాస్త దూరంగా: "చెప్పడం లేదు. దగ్గర్లోనే ఉన్నట్టుంది. మీ అన్నని పిండి తెమ్మను."

"హలో," అన్నాడు లాయిక్. "హలో, వినండి!"

ఫోన్ కట్ అయింది.