కాటయాన్ ఏ పలకకు పోతుంది

నాకు నలభై ఆరేళ్లప్పుడు, సడ్‌బరీ ఊరి దగ్గర రాగి శుద్ధి చేసే కర్మాగారంలో, రాగి పలకలు వేలాడే తొట్ల తనిఖీ ఉద్యోగానికి నోటి పరీక్ష పెట్టారు. అప్పటికి రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే ఇక జన్మంతా, అప్పుడు పనిచేస్తున్న కార్మికుల బట్టలుతికే గదిలోనే.

చదవక తప్పలేదు. గ్రంథాలయంలో ఒక్కదాన్నే కూర్చుని రసాయనశాస్త్రం నేర్చుకున్నాను. ఎవరైనా ఎదురుగా కూర్చుని అడిగితే మాత్రం గొంతు పెగిలేది కాదు.

"ఏమే హెల్వీ, ఆ వణుకుడేంటి? పరీక్షకా, పన్ను పీకించుకోడానికా?" అని నేను పరీక్ష గది మెట్లెక్కుతుంటే క్రేన్ నడిపే ఒరీసియా పైనుంచి అరిచింది.

పరీక్ష పెట్టడానికి ఆఫీసు నుంచి వచ్చిన థార్న్‌బరీ ముందు ప్రశ్నల కాగితం, జవాబుల కాగితం ఉన్నాయి. తొట్ల వైపు ఆయన ఎప్పుడూ వచ్చిన మనిషి కాదు.

"కాటయాన్ అంటే ఏంటమ్మా?"

"ధనావేశం ఉన్న కణమండీ. రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను ఆనోడ్ పలకలోనే వదిలేసి నీలం ద్రావణంలోకి దిగుతుంది. అలా దిగిందే కాటయాన్."

చెబుతుంటే, నేను దేశం వదిలి ఓడెక్కిన రోజు తుర్కు ఓడరేవులో చెయ్యి ఊపడం మరిచి నిలబడిపోయిన అమ్మ కళ్లముందు మెదిలింది.

"ఏ పలకకు పోతుంది?"

"మైనస్ పలకకండీ. కాథోడ్‌కి."

ఆయన పెన్సిలుతో అడ్డగీత కొట్టాడు. "తప్పు. ప్లస్సు కాబట్టి ప్లస్ పలకకే. కాగితంలో అలాగే ఉంది."

నా కాళ్లు అప్పుడే తలుపు వైపు కదిలాయి. ఆగాను.

"ప్లస్ పలక ఆనోడేనండీ. బయల్దేరింది అక్కణ్నుంచే. మళ్లీ అక్కడికే పోతే రెండో పలక లావెక్కేది ఎలా?"

"కాగితం తప్పంటావా?"

"కాగితం మాట నాకెందుకండీ. తొట్టి చూద్దాం రండి."

నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇద్దరం కిందికి దిగాం. ముందు తొట్టి పక్కనున్న వోల్టు మీటరు తీగలు రెండు పలకల కడ్డీలకూ ఆనించాను. ఏది ప్లస్సో, ఏది మైనస్సో ఆయన చేతే పైకి చదివించాను. తర్వాత ఒరీసియాకు సైగ చేశాను.

"అయ్యగారూ, వెనక్కి జరగండి! ప్యాంటు మీద ఆమ్లం పడితే ఇంట్లో ఏం చెప్పుకుంటారో ఏమో!" అంటూ ఆమె పలకల్ని పైకి లేపింది.

ప్లస్ పలక చుట్టూ అరిగి, మధ్యలో చిల్లులు పడి ఉంది. మైనస్ పలక రెండు వారాల కింద చేత్తో వంచితే వంగే పల్చటి రేకు; ఇప్పుడు వేలి మందాన గులాబీరంగు రాగితో మెరుస్తోంది.

"వదిలి వచ్చింది ఇక్కడ చేరిందండీ," అన్నాను. "పోగొట్టుకున్న రెండు ఎలక్ట్రాన్లూ ఈ పలక మీద మళ్లీ తీసుకుంది. ఇప్పుడది కాటయాన్ కాదు, రాగి." గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

ఆయన ఆ రాగిని అరచేత్తో తడిమి చూశాడు. "పోయిన వారం ఇద్దరు మగవాళ్లు ఇదే జవాబు చెప్పారు. ఫెయిల్ చేశాను," అన్నాడు.

"అయితే వాళ్లనీ పాస్ చెయ్యండి."

జవాబుల కాగితం మీద పాత జవాబు కొట్టేసి, అక్కడే నిలబడి కొత్తది రాశాడు. క్రేన్ మీద ఒరీసియా హారన్ నొక్కి వదల్లేదు. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద ముగ్గురి పేర్లు అంటించారు. మొదటి పేరు నాది.